జ్వరం తెచ్చిందెవరు

పొయ్యి మీద పాలు పొంగుతుంటే అమ్మమ్మ గబుక్కున మంట తగ్గించింది. గిన్నె మీద మూత చప్పుడు కాకుండా పెట్టి, అలవాటుగా కుడివైపు గది కేసి చూసింది. ఆ గదిలో ఎవరూ లేరు. తొమ్మిది రోజులుగా లేరు. అయినా ఆ ఇంట్లో అందరూ ఆ గది ముందు మునివేళ్ళ మీదే నడుస్తున్నారు, గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. లోపల గాలి శుభ్రం చేసే మిషను మాత్రం ఉమ్మని తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆపితే దేనికో ఒప్పుకున్నట్టు అవుతుందని భయం.

ఆ గది బుడ్డోడిది. వాడికి ఆరేళ్ళు. రక్తంలో క్యాన్సరని తెలిసి పధ్నాలుగు నెలలైంది. మూడు వారాలకోసారి మందు ఎక్కిస్తారు. ఎక్కించిన వారానికి వాడి ఒంట్లో రోగంతో పోట్లాడే బలం సున్నా అయిపోతుంది. ఆ రోజుల్లో మనకొచ్చే మామూలు జలుబు కూడా వాడి పాలిట పులే. వంద దాటి జ్వరం కనపడితే ఉన్నపళంగా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ ఇంట్లో పిల్లల పుట్టినరోజులు మర్చిపోయినా, ఆ వంద అనే అంకెని మాత్రం ఎవరూ మర్చిపోరు.

"పిచ్చికా, పాలు," అంది అమ్మమ్మ. అనే ముందు ఒకసారి గొంతు సవరించుకుంది.

ఆ సవరింపు ఆవిడ ఉద్యోగం ఇచ్చిన అలవాటు. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఖంగుమని ఒకసారి గొంతు సవరించుకోకుండా ఆవిడకి మాట రాదు. బుడ్డోడికి జబ్బు చేసిన నెలలోనే కూతురికి సాయంగా వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

పిచ్చిక బుడ్డోడి అక్క. పదకొండేళ్ళది. టేబుల్ దగ్గర కూర్చుని బ్రెడ్డు ముక్కని పాలల్లో ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మింగింది. గది మూల విప్పి ఉన్న సంచీ కనపడగానే రెండో ముక్క పక్కన పెట్టేసింది.

"అమ్మమ్మా, నువ్వు వెళ్ళకు."

"నేనేమన్నా పరలోకానికి పోతున్నానా? బస్సెక్కితే నాలుగు గంటలు. మీ మావయ్య ఇంట్లో టీవీ పెద్దదట. హాయిగా కాళ్ళు బార్లా చాపుకుని చూస్తా."

"నాన్న పంపించేస్తున్నాడు కదా."

"ఎవరే పంపించేది? నా టిక్కెట్టు నేనే కొనుక్కుంటున్నా." అమ్మమ్మ చీర మడత పెడుతూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గది వైపు తల తిప్పింది. "పిలిచాడా?" అంది.

"ఎవరు?"

"ఏం లేదులే. మిషను చప్పుడు."

పిచ్చికకీ అప్పుడప్పుడూ వినపడుతోంది మరి. నిన్న సాయంత్రం అద్దం ముందు జడ వేసుకుంటూ 'వస్తున్నా ఉండరా' అని గట్టిగానే అనేసింది. అన్నాక ఆ జడ పూర్తిచెయ్యకుండా అలాగే వదిలేసింది.

వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో నలభై లిఫ్టులు ఆయన చేతి మీద నడుస్తాయి. ప్రతి లిఫ్టుకీ పైన మిషను గదిలో ఒక అట్ట కార్డు వేలాడుతుంటుంది. ఏ తేదీన చూశాం, ఏమేం సరిగ్గా ఉన్నాయి, చూసిందెవరు. చివర సంతకం. 'సంతకం లేని లిఫ్టు ఎక్కకూడదు' అంటాడు ఆయన. బుడ్డోడిని మొదటిసారి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున వాడి గది తలుపుకి కూడా అలాంటి కార్డే ఒకటి అంటించాడు. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ వెళ్ళేముందు రాయాలి. దగ్గు లేదు, జలుబు లేదు, చేతులు కడిగాను, సంతకం. పక్కనే వాళ్ళమ్మ రాసే గడి, పూటపూటకీ బుడ్డోడి ఒంటి వేడి ఎంతో.

మొదట్లో అందరూ నవ్వుకున్నారు. "నా పెళ్ళికి కూడా ఇన్ని సంతకాలు పెట్టలేదు నాయనా," అంది అమ్మమ్మ. కానీ ఆ కార్డే వాళ్ళకి ధైర్యం ఇచ్చింది. రాసి ఉంటే చాలు, భయం కాస్త వెనక్కి తగ్గేది. ఏడు కార్డులు నిండాయి.

ఎనిమిదో కార్డు సగంలో ఉండగా, తొమ్మిది రోజుల క్రితం ఆదివారం నాడు బుడ్డోడికి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. మూడు రోజులు మిషను ఊపిరి పోసింది. నాలుగో రోజు కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు. నిన్న డాక్టరు, ఇంకో అయిదు రోజులు ఇలాగే ఉంటే ఇంటికి పంపిస్తానన్నాడు.

ఆ మాట విన్న సాయంత్రమే నాన్న తలుపు మీద కార్డు ఊడదీసి టేబుల్ మీద పెట్టుకున్నాడు. లిఫ్టు ఆగిపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతికినట్టు చివరి గీత నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టాడు. ఆదివారం, శనివారం, శుక్రవారం, గురువారం. అందరూ దగ్గు లేదనే రాశారు, అందరూ చేతులు కడిగామనే రాశారు. అన్నీ సరిగ్గా ఉంటే జ్వరం ఎలా వచ్చింది? వంటింట్లోంచి ఖంగుమని గొంతు సవరింపు వినపడింది. తలెత్తి అటే చూశాడు.

"అత్తయ్యా, మీరు కొన్నాళ్ళు బావమరిది దగ్గర ఉండి రాకూడదూ," అన్నాడు. అంతే. అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆవిడా ఎందుకని అడగలేదు. గొంతు కూడా సవరించుకోకుండా తల ఊపింది.

ఇదంతా చూస్తూ గుమ్మంలో నిలబడ్డ పిచ్చిక మాత్రం గదిలోకి దూరి తలుపేసుకుంది. ఎందుకంటే ఆ కార్డులో అబద్ధం ఎక్కడుందో దానికి తెలుసు. శుక్రవారం సాయంత్రం నాలుగున్నర గడిలో, దాని సొంత చేతిరాతలో ఉంది.

ఆ శుక్రవారం పొద్దుటి నుంచీ దాని గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుంది. బడి నుంచి రాగానే బుడ్డోడు తలుపు అవతల నుంచి పిలిచాడు. "అక్కా, లిఫ్టాట. ఒక్క ఆటే. నువ్వు రాక నాలుగు రోజులైంది." లిఫ్టాటంటే బట్టల బీరువా లిఫ్టు, వాడు ప్రయాణికుడు, పిచ్చిక ఆపరేటరు. 'ఏ అంతస్తు సార్?' అంటే వాడు 'వందో అంతస్తు' అనాలి. అది దగ్గు లేదని రాసి, సంతకం పెట్టి, మాస్కు కట్టుకుని వెళ్ళింది. పది నిమిషాలు ఆడుకున్నారు. డెబ్భయ్యో అంతస్తు దగ్గర మాస్కు లోపలే ఒక దగ్గు వచ్చేసింది. 'లిఫ్టు దగ్గింది' అని బుడ్డోడు పడి పడి నవ్వాడు.

ఆ నవ్వు ఇప్పుడు దాన్ని వదలడం లేదు. ఎటు తిరిగినా వెనకే వస్తోంది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి అమ్మ. అమ్మ తొమ్మిది రోజులుగా ఇంటికే రాలేదు. వార్డు పక్కన ఉన్న స్నానాల గదిలోనే స్నానం, కుర్చీలోనే నిద్ర.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు నాన్న.

"రాత్రి తొంభై ఎనిమిది. పొద్దున్న పాలు తాగాడు."

"సరే. అత్తయ్య నాలుగింటి బస్సుకి వెళ్తున్నారు. వాడ్ని ఒకసారి చూసి వెళ్తానంటున్నారు. దారిలో తీసుకొస్తా."

తన తల్లిని భర్త ఇంట్లోంచి పంపిస్తుంటే ఏ కూతురైనా ఏదో ఒకటి అంటుంది. అమ్మ మాత్రం "సరే," అని పెట్టేసింది.

"అద్దం బయటి నుంచే చూడాలి అత్తయ్యా," అన్నాడు నాన్న, నేల కేసి చూస్తూ.

"బయటి నుంచే నాయనా. అద్దంలోంచి దూరిపోవడానికి నేనేమన్నా గాలినా?" అంది ఆవిడ.

"పిచ్చికా, నువ్వూ చెప్పులేసుకో."

"నాకు సెలవుల పని ఉంది. రాసుకోవాలి."

"వచ్చి రాసుకుందువుగాని. ఒక్కదాన్ని ఇంట్లో ఎలా వదులుతా? నడు."

మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ ఆసుపత్రికి చేరారు. పిల్లల రక్తం జబ్బుల వార్డు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టులో నాన్న అలవాటుగా చెవి గోడకి ఆనించి విన్నాడు. "ఎడమ పక్క గోడకి రాసుకుంటోంది. ఎవరూ చూస్తున్నట్టు లేదు," అన్నాడు. అమ్మమ్మ "పోనీ నాయనా, మన లిఫ్టు కాదుగా," అంది. ఆ రోజు మొత్తంలో వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకున్నది ఆ ఒక్క ముక్కే.

లిఫ్టు దిగగానే ఎదురుగా రెండు రెక్కల తలుపు. అవతల వార్డు. ఇవతల నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కిటికీ, చేతులకి రాసుకునే మందు సీసా. నాన్న మందు రాసుకుని తలుపు తోశాడు. అమ్మమ్మ వెనకే వెళ్ళబోయింది. పిచ్చిక మాత్రం కిటికీ దగ్గర ఆగిపోయింది.

"రా," అన్నాడు నాన్న.

"నేను రాను."

"ఏంటీ?"

"నేను ఇక్కడే ఉంటా. మీరు చూసి రండి."

నాన్న తలుపు వదిలేసి వెనక్కి వచ్చాడు. "తమ్ముడే వాడు. అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి ఊపితే అరిగిపోతావా? పొద్దస్తమానూ అక్క రాలేదా, అక్క ఎక్కడ అని మీ అమ్మని తినేస్తున్నాడట."

"రాను నాన్నా."

"తొమ్మిది రోజులైంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తమ్ముడెలా ఉన్నాడు నాన్నా అని అడిగావా? నేను చూస్తూనే ఉన్నా. నేను ఇంటికి రాగానే గదిలో దూరి తలుపేసుకుంటావు. నీ మనసు రాయా?"

"బాబూ, దాన్ని వదిలెయ్," అంది అమ్మమ్మ. "చిన్నపిల్ల. ఆసుపత్రంటే భయం. నేనొక్కదాన్నే చూసొస్తా."

"భయమా? వాడు లేడూ లోపల, ఆరేళ్ళ వెధవ, సూదులు గుచ్చించుకుంటూ? వాడికి లేదా భయం? దీనికేం రోగం అత్తయ్యా? తిండి ఉంది, సెలవులున్నాయి, ఒళ్ళు శుభ్రంగా ఉంది."

అంతలో లోపలి నుంచి అమ్మ వచ్చింది. జుట్టు ముడి జారిపోయి ఉంది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. "ఇక్కడేంటండీ గొడవ? లోపలికి వినపడుతోంది. సిస్టర్ దగ్గర వాడ్ని కూర్చోబెట్టి వచ్చా."

"నీ కూతుర్నే అడుగు. తమ్ముడ్ని చూడదట. మీ అమ్మగారు అరవై ఏడేళ్ళావిడ, బస్సు వదులుకుని అయినా చూసి పోతానని వచ్చారు. దీనికి మాత్రం..."

"అమ్మమ్మ వెళ్ళక్కర్లేదు," అంది పిచ్చిక.

అంత మెల్లిగా అంది కాబట్టే ముగ్గురూ ఆగారు.

"అమ్మమ్మకి దగ్గు లేదు. అది దగ్గు కాదు, ఊరికే చేసే చప్పుడు. నీకూ తెలుసు నాన్నా. నాకుంది దగ్గు. శుక్రవారం నాకుంది. లేదని సంతకం పెట్టా." మాట మాటకీ దాని గొంతు జీరబోతోంది. "వాడు పిలిచాడు. ఒక్క ఆటే అన్నాడు. లోపల దగ్గా. మాస్కు ఉంది. అయినా దగ్గా. వాడు నవ్వాడు. ఆదివారం జ్వరం వచ్చింది. నేనే తెచ్చా. నేను లోపలికి వస్తే మళ్ళీ వస్తుంది. అందుకే రానన్నా. వాడు చచ్చిపోతే నా వల్లే కదమ్మా."

అమ్మ పక్కనున్న తలుపు రెక్క పట్టుకుంది.

అమ్మమ్మ నెమ్మదిగా వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. "నాకు తెలుసే పిచ్చికా," అంది.

"తెలుసా?" అన్నాడు నాన్న.

"ముప్పై నాలుగేళ్ళు నేను చేసిందేంటి బాబూ? మనుషుల్ని చూళ్ళేదు, గొంతులు విన్నా. హలో అంటే చాలు, జలుబు చేసిందో, ఏడ్చి లేచారో తెలిసిపోయేది. శుక్రవారం సాయంత్రం ఇది 'నేను వచ్చా' అన్నప్పుడే తెలిసింది గొంతు పట్టిందని. అప్పుడే చెప్పి ఆపాల్సింది. నేను స్నానానికి వెళ్ళా, ఇది లోపలికి వెళ్ళింది. వాడి నవ్వు స్నానాల గదిలోకి వినపడింది. ఎన్నాళ్ళయిందో వాడు అలా నవ్వి. పోనీలే అనుకున్నా." ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది. "తర్వాత నువ్వు కార్డు పట్టుకుని నా వైపు చూశావు. నన్నే అనుకుంటున్నావని తెలిసింది. అనుకోనీ అనుకున్నా. నేను ముసలిదాన్ని, ఎంతకాలం మోస్తాను? అది పదకొండేళ్ళది, ఇంకా అరవై డెబ్భై ఏళ్ళు మొయ్యాలి."

నాన్న కుర్చీ వెతుక్కోలేదు. గోడకి ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు. జేబులోంచి తాళాల గుత్తి తీశాడు.

"శనివారం నా సంతకం కూడా అబద్ధమే," అన్నాడు.

ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"మా పనిలో ఒక దరిద్రపు అలవాటుంది. నాలుగు బిల్డింగుల కార్డులు ముందే టీ కొట్టు దగ్గర రాసేస్తాం. సంతకాలు పెట్టేసి తర్వాత వెళ్ళి చూస్తాం. ఒక్కోసారి చూడం. ఇంట్లో కూడా అదే చేశా. శనివారం సాయంత్రం గడి పొద్దున్నే నింపేశా. ఆ రోజు ఒక లిఫ్టు కింద గుంతలో నీళ్ళు చేరితే దిగి తోడా. మురుగు నీళ్ళు. ఇంటికొచ్చేసరికి వాడు వాంతి చేసుకుని ఏడుస్తున్నాడు. అలాగే వెళ్ళి ఎత్తుకున్నా. చేతులు కడగలేదు. బట్టలు మార్చలేదు." తాళాల గుత్తి నేల మీద పెట్టాడు. "నిన్న కార్డు చదువుతున్నప్పుడు ఆ గడి దగ్గరికొచ్చి దాటేశా అత్తయ్యా. చూసి కూడా దాటేశా. మీ గొంతు వినపడింది. అది తేలిక అనిపించింది. నేనని ఒప్పుకుంటే వాడి మొహం ఎలా చూడను?"

"లే నాయనా, నేల మీద కూర్చోకు," అంది అమ్మమ్మ.

అమ్మ ఇంతసేపూ తలుపు రెక్క పట్టుకునే నిలబడి ఉంది. ఇప్పుడు నవ్వినట్టు ఒక చప్పుడు చేసింది. వినడానికి బాగాలేని నవ్వు.

"బాగుంది. మీరందరూ తలా కాస్తా పంచుకుంటున్నారు. మరి నాదెక్కడ పెట్టను?"

"నీదేంటి?" అన్నాడు నాన్న.

"ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఎంత రాశాను కార్డులో?"

ఆయనకి ఆ కార్డు కంఠతా వచ్చు. "తొంభై తొమ్మిది."

"వంద పాయింట్ ఆరు ఉంది."

అమ్మ తలుపు రెక్క వదిలి అందరి వైపూ తిరిగింది.

"వారం ముందే ఆసుపత్రి నుంచి వచ్చాం. బట్టలు నానబెట్టి ఉన్నాయి. ఎండ బాగుంది. మీరు పేపరు చదువుతున్నారు, ఇది జడలేసుకుంటోంది, అమ్మ ఏదో పాడుకుంటోంది. వంద పాయింట్ ఆరు అంటే మళ్ళీ ఆ మంచం, ఆ సూదులు, ఆ కుర్చీ. ఒక్క గంట, ఒక్కటే గంట మామూలు ఇల్లులా ఉందాం, తర్వాత మళ్ళీ చూద్దాం అనుకున్నా. తొంభై తొమ్మిదని రాశా. రాస్తే అంతే అయిపోతుందేమో అన్నట్టు. బట్టలు ఉతికి, ఆరేసి, వచ్చి చూస్తే నూట మూడు." అమ్మ కళ్ళల్లో నీళ్ళు లేవు. అవి ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. "మా అమ్మని పంపించేస్తున్నారని తెలిసినా నోరు విప్పలేదు. విప్పితే మొత్తం బయటికొచ్చేస్తుందని. కన్నతల్లి మీద నేరం పడుతుంటే సరే అని ఫోను పెట్టేశా. నేనేం మనిషిని?"

పిచ్చిక ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి చూస్తోంది. తొమ్మిది రోజులుగా ఒక చీకటి గదిలో తనొక్కతే ఉన్నాననుకుంటే, దీపం వెలిగించి చూసేసరికి అందరూ అదే గదిలో, తలో మూలా కూర్చుని ఉన్నారు.

తలుపు తెరుచుకుంది. వార్డు సిస్టర్ వచ్చింది. లావుపాటి మనిషి, చెవి మీద పెన్ను. ఆవిడ నోటికి భయపడని డాక్టరు లేడంటారు ఆ ఆసుపత్రిలో.

"పిల్లాడు బొమ్మలేసుకుంటున్నాడు, కంగారు పడకండి. నా ముక్కు చాలా బాగా వేశాడు, వంకాయలాగా. ఇక్కడ ఏంటి పంచాయితీ? సగం విన్నా. విననట్టు నటించడం నాకు చేతకాదు." నాన్న వైపు తిరిగింది. "ఏమయ్యా, వచ్చిన రెండో రోజే డాక్టరుగారు మిమ్మల్ని కూర్చోబెట్టి ఏం చెప్పారు?"

"చెప్పారు. మేం తల ఊపాం." అన్నాడు నాన్న. "ఏమీ చెవికెక్కలేదు సిస్టర్."

"మళ్ళీ చెప్తా వినండి. మీ వాడి రక్తంలో దొరికిన క్రిమి దగ్గు వల్ల వచ్చేది కాదు. మురుగు నీళ్ళ వల్లా కాదు. అది వాడి పేగుల్లోదే. మీ కడుపులోనూ ఉంది, నా కడుపులో అయితే ఇంకాస్త ఎక్కువే ఉండి ఉంటుంది. మామూలప్పుడు అది లోపలే ఉంటుంది. మందు వల్ల కాపలా వాళ్ళు లేనప్పుడు గోడ దూకి రక్తంలోకి పోయింది. ఎవరూ తేలేదు. ఇంట్లోకి దొంగ రాలేదమ్మా, వాడు ముందు నుంచీ ఇంట్లోనే ఉన్నాడు."

పిచ్చిక "నా దగ్గు?" అంది.

"నీ దగ్గు వల్ల వాడికి జలుబు రావచ్చు. అప్పుడు రాలేదు. అదృష్టం. మళ్ళీ దగ్గుంటే వెళ్ళకు, పిలిచినా వెళ్ళకు, సంతకం అబద్ధం పెట్టకు. ఇవాళ తలుపు దాటి లోపలికి రానన్నావు చూడు, ఇంతమందిలో బుద్ధున్న పని చేసింది నువ్వొక్కదానివే."

"మరి నా గంట?" అంది అమ్మ.

సిస్టర్ చెవి మీది పెన్ను తీసి జేబులో పెట్టుకుంది.

"అబద్ధం చెప్పనమ్మా. గంటంటే గంటే. ఇలాంటి పిల్లలకి అది చిన్నది కాదు. వాడు ఆ గంట దాటి బతికాడు. నువ్వు మాత్రం ఆ గంటలోనే ఉండిపోయినట్టున్నావు. ఈసారి వంద కనపడితే తడి బట్టలతోనైనా పరిగెత్తుకు రా. అంతే నేను చెప్పగలిగింది. వందమంది తల్లుల్ని చూశాను. ఒక్క గంట కూడా కళ్ళు మూసుకోని తల్లి నాకింకా కనపడలేదు."

అని చేతులకి మందు రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు ఏడ్చింది అమ్మ. నిలబడే, తలుపుకి నుదురు ఆనించి, చప్పుడు లేకుండా. అమ్మమ్మ లేచి వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. నాన్న నేల మీద నుంచి లేచి అత్తగారి ముందు నిలబడ్డాడు. వంగి ఆవిడ సంచీ తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు.

"నాలుగింటి బస్సు ఎక్కించలేను అత్తయ్యా. నాకు వీలుకాదు," అన్నాడు.

"నేనడిగానా?" అంది ఆవిడ. "నువ్వు అల్లుడివి కాబట్టి ఊరుకున్నా. నా కొడుకే అలా చూసి ఉంటే చెవి మెలేసేదాన్ని."

"మెలెయ్యండి."

"ఇప్పుడొద్దులే. బాకీ ఉంచుతా."

కిటికీ దగ్గర పిచ్చిక వాళ్ళని చూస్తోంది. నవ్వాలో ఏడవాలో దానికి తెలియడం లేదు. గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి దాచుకుని, అడ్డంగా పెట్టిన సామానులాగా ఉంది. అమ్మ కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి అలా కనపడింది. తొమ్మిది రోజుల తర్వాత కూతుర్ని సరిగ్గా చూడడం అదే మొదలు. జడ సగంలో వదిలేసి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పెదవులు ఎండిపోయి చీలికలు పడ్డాయి.

"ఇటు రా," అంది అమ్మ.

"వద్దమ్మా. నువ్వు మళ్ళీ వాడి దగ్గరికి వెళ్ళాలిగా."

ఆ మాటకి అమ్మే నాలుగు అడుగులు వేసి వచ్చింది. అరచెయ్యి తిప్పి, వెనక వైపుతో దాని మెడ మీద పెట్టింది. పధ్నాలుగు నెలలుగా రోజుకి పదిసార్లు ఒకే మెడ మీద పెట్టిన చెయ్యి అది. ఎంత వేడో చెప్పడానికి దానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అమ్మ.

పిచ్చిక కిటికీ వైపు తిరిగింది.

"ఏమండీ, దీని ఒళ్ళు కాలిపోతోంది. మీరెవరూ చూడలేదా? అమ్మా, నువ్వూ చూడలేదా?"

అమ్మమ్మ గొంతు సవరించుకోబోయి ఆగిపోయింది. "గొంతు విన్నానే తల్లీ. ఒంటి మీద చెయ్యి వేసి చూడాలని తోచలేదు. దగ్గరికి వస్తే తప్పించుకు పోతోంది."

"నూట ఒకటి ఉంటుంది," అంది అమ్మ. "ఎందుకు చెప్పలేదే?"

"వాడి జ్వరం ముందు ఇదేంటి అని," అంది పిచ్చిక. "ఇంట్లో ఇంకో జ్వరం ఎక్కడ పెడతారు?"

నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఒళ్ళు శుభ్రంగా ఉందన్న ఆయన మాట ఇంకా ఆ గాల్లోనే ఉంది.

అమ్మ కాసేపు వార్డు తలుపు వైపు చూసింది. మళ్ళీ కూతురి వైపు చూసింది. ఆ చూపులో ఎంత లాగుడు ఉందో అక్కడున్న ముగ్గురికీ కనపడింది. తర్వాత తన మెడలో ఉన్న లోపలికి వెళ్ళే పాసు తీసి భర్త చేతిలో పెట్టింది.

"ఇవాళ వాడి దగ్గర మీరుండండి. మూడింటికి మందు, అయిదింటికి ఇంకోటి. కథ చెప్పమంటాడు, మీకు రాకపోతే ఏదో ఒకటి చెప్పండి. స్నానం చేసి, వాళ్ళిచ్చే బట్టలు వేసుకుని వెళ్ళండి. నిజంగా చేసి."

"నిజంగా చేస్తా."

"అమ్మా, నువ్వు అద్దంలోంచి వాడికి కనపడి రా. అక్కకి ఒంట్లో బాగాలేదు, అందుకే రాలేదని చెప్పు. అలిగాడనుకో, అలగనీ. కింద డాక్టరుకి దీన్ని చూపించి ఇంటికి తీసుకెళ్తా. ఇవాళ దీని మంచం మీదే పడుకుంటా."

"నిన్ను వాడు అడిగితే?" అన్నాడు నాన్న.

"మీ అక్క దగ్గర ఉందని చెప్పండి."

ఇద్దరూ రెండు రెక్కల తలుపు అవతలికి వెళ్ళారు. అవతల అద్దం మీద చిన్న వేళ్ళతో టకటకా కొట్టిన చప్పుడు, అమ్మమ్మ ఏదో అన్న చప్పుడు. పిచ్చిక అటు తల తిప్పింది. అమ్మ దాని గడ్డం పట్టుకుని మెల్లిగా తన వైపు తిప్పుకుంది. కిటికీ దగ్గరికి, వెలుతురు పడే చోటికి తీసుకొచ్చి, తను మోకాళ్ళ మీద కూర్చుంది.

"మింగితే నెప్పా?"

పిచ్చిక తల ఊపింది.

"ఎంత నెప్పి?"

"చాలా."

"నోరు తెరువు, చూస్తా."

పిచ్చిక ఒక్క క్షణం సందేహించింది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచి, "ఆ" అంది.

"ఇంకా పెద్దగా," అంది అమ్మ. "తొందరేం లేదు."